చెవికి బదులు

ముప్ఫై ఎనిమిదేళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డాను,
బియెల్స్కో ఉన్ని మిల్లు, మూడో షెడ్డు.
నాడె అటూ ఇటూ పరిగెడుతూ
నా చెవిలోంచి ఒక్కో పోగూ లాక్కుపోయింది.
ముందు పిచ్చుకలు పోయాయి,
తర్వాత కెటిల్ ఈల.
మా పోలిష్‌లో సగం అక్షరాలు బుసకొట్టేవే,
ఆ సగమూ పోయింది.
ఇప్పుడు నాతో మాట్లాడే వాళ్ళెవరికీ పళ్ళు లేనట్టే ఉంటుంది.

అదేం పెద్ద బాధ కాదు.
బాధల్లా బుడతడితోనే.

బుడతడంటే నా కారు.
ఊరంతా దాన్ని అలాగే పిలుస్తుంది,
ఈ ఊళ్ళోనే పుట్టింది కదా, ఆ చనువు.
రెండే సిలిండర్లు, వీపు వెనక ఇంజను,
నీళ్ళడగదు, గాలి చాలు.
స్టీరింగుకి చెరోపక్కా మోకాళ్ళు పెట్టుకుని
కుంపటి ముందు చలి కాగినట్టు కూర్చోవాలి.
ఆవపువ్వు రంగు నేనే వేశాను, బ్రష్షుతో,
దగ్గరికొస్తే గీతలు కనిపిస్తాయి, రావద్దు.

నాలుగు వాల్వులు, ఒక్కోదానికీ వెంట్రుకంత సందు.
సందు పెరిగితే టిక్కుమంటుందట.
పక్క గ్యారేజీ ఎర్విన్ వీధి మలుపులోనే విని
"మూడోది వదులైందోయ్" అని వేళ్ళు చూపిస్తాడు.
నేను ఇంజను మూతకి చెవి ఆనించినా
వినపడేది నా నెత్తురే.

అంచేత డబ్బా చేశాను.
హెరింగ్ చేపల డబ్బా. ఎంత తోమినా
ఎండ పడితే ఇంకా సముద్రం వాసనే.
పాడైపోయిన టేప్‌రికార్డరు మైకు, రెండు కెపాసిటర్లు,
ఎర్విన్ పారేస్తాడనుకున్న డోర్‌బెల్లులోంచి ఒక ట్రాన్సిస్టరు,
కందిగింజంత పచ్చ దీపం.
టిక్కుమంటే మెరవాలి. అంతే.

మొదటిది హారన్‌కి మెరిసింది.
రెండోది మెరవనే లేదు.
మూడోదానికి టంకం పెడుతూ బొటనవేలు కాల్చుకున్నాను.
నాలుగోది,
మార్చి నెల, గ్యారేజీ తలుపు బార్లా తెరిచి, మంచు లోపలికి కొడుతుంటే,
మెరిసింది.
టిక్. టిక్. టిక్.
చూశాను ఆ చప్పుడుని,
మొహం మరిచిపోయిన చుట్టం గుమ్మంలో నిలబడ్డట్టు.
ఇంజను చల్లారాక గేజీ దూర్చి నట్టు పావు చుట్టు తిప్పాను.
మళ్ళీ స్టార్టు చేస్తే దీపం కన్ను తెరవలేదు.

మే నెలలో మనవరాలు జాగ్నాని వెనక కూర్చోబెట్టుకుని
సల్మోపోల్ కనుమ ఎక్కుతున్నాను.
ఏడేళ్ళది. దీనికి నిజంగానే ముందుపళ్ళు లేవు.
రెండో వంపులో దీపం మెరిసింది.
ఆపాను. ఇంజను చల్లారేదాకా సాసేజీ తిన్నాం.
గేజీ పెడితే నాలుగూ బుద్ధిగా ఉన్నాయి.
బయల్దేరితే మళ్ళీ మెరుపు,
ఇంజను లెక్కలో కాదు,
ఒకటి పొడుగు, రెండు పొట్టి,
ఆగి, సాగి, మళ్ళీ ఎత్తుకుని.
డబ్బాని తిట్టాను, డోర్‌బెల్లుని తిట్టాను,
డోర్‌బెల్లు కొన్నందుకు ఎర్విన్‌ని తిట్టాను.
అద్దంలోకి చూస్తే
జాగ్నా కిటికీకి ముక్కు ఆనించి
పాడుతోంది.

మైకు దాని వీపు వెనకే, రేకుకి అవతల.
ఊడిన పళ్ళ సందులోంచి ఈల.
నేను వెతుకుతున్న సందు అది.

ఎన్నాళ్ళుగా పాడుతోందో,
బస్సులో, బల్ల దగ్గర, నా పక్కనే.
యాక్సిలరేటరు మీద కాలు తేలిక చేశాను.
వెనక లారీవాడు హారన్ కొట్టే ఉంటాడు,
దీపం వాణ్ణి లెక్కచెయ్యలేదు.

ఇంటికొచ్చి కెపాసిటరు మార్చడానికి కూర్చున్నాను.
పాటకీ వాల్వుకీ తేడా తెలియనిది
పనిముట్టు కాదు, బొమ్మ.
జాగ్నా బల్ల అంచున గడ్డం ఆనించింది.
పెదాలు చూసి పోల్చుకున్నాను:
"ఇది బాగైతే నేను కనిపించనా?"

టంకం కోల వేడెక్కుతోంది.
డబ్బాలో ఇంకో దీపానికి చోటుందేమోనని కొలిచాను,
ఒక మిల్లీమీటరు తక్కువ.
రేపు ఎర్విన్‌ని అడగాలి,
వాళ్ళింట్లో కాస్త పెద్ద చేపలు తింటారేమో.
డోర్‌బెల్లు సంగతి కూడా
అప్పుడే చెప్పెయ్యాలి.